పేర్లు మార్చే పని

జూన్ 9, సోమవారం

మా మేనేజరు సురేష్ ఈ రోజు కూడా ఒప్పుకోలేదు.

నేను నెమ్మదిగానే మాట్లాడాను. బోర్డు మీద రెండు పేర్లూ రాశాను. రేట్. ఫ్లోరేట్. సెలైన్ పంపు గంటకు ఎంత మందు ఎక్కించాలో చెప్పే సంఖ్యకు మా ప్రోగ్రాముల లైబ్రరీలో పెట్టుకున్న టైపు పేర్లు ఈ రెండూ. రేట్‌లో యాభై అంటే గంటకు యాభై మిల్లీలీటర్లు. ఫ్లోరేట్‌లో యాభై అంటే గంటకు ఐదే, అక్కడ పదో వంతుల్లో లెక్క. ఒకటి బెంగుళూరు టీము రాసింది, ఇంకోటి మా మాదాపూర్ టీము రాసింది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రాశారు. మేము ప్రోగ్రాములు రాసే సి భాషకు ఈ తేడా పట్టదు. దానికి రెండూ ఉత్త అంకెలే. ఒకదాని చోట ఇంకోటి పెట్టినా, రాసింది చదివి తప్పులు పట్టే కంపైలర్ నోరెత్తదు.

"కొలత పేరులోనే ఉండాలి. లైబ్రరీ అంతా ఒకటే పద్ధతి ఉండాలి. తప్పుగా కలిపితే కంపైలరే ఆపేసేలా రాయొచ్చు. నాకు కొంచెం టైమివ్వండి చాలు" అన్నాను.

సురేష్ ఓపిగ్గా విన్నాడు. అదే అతనితో వచ్చిన ఇబ్బంది, ఎప్పుడూ ఓపిగ్గా వింటాడు.

"మీరు చెప్పేది నిజమేనండి భ్రమరాంబ గారూ. కాదనట్లేదు. కానీ పేర్లు మారిస్తే మన లైబ్రరీ వాడే పంపు కంపెనీలన్నీ వాళ్ళ ప్రోగ్రాములు మార్చుకోవాలి. సర్టిఫికేషన్ మళ్ళీ మొదటికొస్తుంది. ఇన్నేళ్ళలో ఏమన్నా అయ్యిందా, మీరే చెప్పండి?"

ఏమీ కాలేదు. బోర్డు తుడిచి వచ్చేశాను.

రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర మా ఆయన వినయ్, "మొహం ఏంటికి అట్ల పెట్టినావు?" అన్నాడు. ప్లాట్లు అమ్మే మనిషికి సి భాష ఎలా చెప్పాలి? "ఒకే స్థలం ఒక కాగితంలో గజాల్లో, ఇంకో కాగితంలో సెంట్లలో ఉందనుకో. ఏ కొలతో రాయకుండా రెండింటి మీదా ఉత్త అంకె వేశారనుకో" అన్నాను.

"తన్నుకుంటారు" అన్నాడు అన్నం కలుపుతూనే. "రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందరే తన్నుకుంటారు."

పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా ఉద్యోగం ఆయనకు అర్థమైంది. సురేష్‌కి మాత్రం కాలేదు. కాదు, సురేష్‌కి కూడా అర్థమైంది.

జూన్ 12, గురువారం

నన్ను జర్మనీ క్లయింటు పనిలోకి మార్చారు. పంపుల నుంచి తప్పించడం కాదని సురేష్ రెండుసార్లు చెప్పాడు. కాకపోవచ్చు.

నా చేతిలో మిగిలిన ఆఖరి పని స్వప్నకిచ్చారు. కొత్త మోడల్ పంపు, కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోయి ఆగిపోయిందనుకుంటే, మళ్ళీ మొదలైనప్పుడు అంతకుముందు ఎంత వేగంతో మందు ఎక్కిస్తోందో గుర్తుచేసుకుని అదే వేగంతో నడవాలి. చిన్న పనే. స్వప్న చేరి ఏడాది అయిందేమో. జనగామ దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి కొమురయ్య నార్సింగిలో అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్, ఇద్దరూ అక్కడే సెల్లారులో ఒక గదిలో ఉంటారు. ఆఫీసులో చిన్నవాళ్ళందరూ నన్ను మేడమ్ అంటారు. ఈ పిల్ల మొదటి రోజు నుంచీ అక్కా అంటుంది. వద్దనాలనిపించలేదు.

"అక్కా, రేట్ ఒకటున్నది, ఫ్లోరేట్ ఒకటున్నది. ఏది ఏందో ఎక్కడ రాసిండ్రు?"

"ఎక్కడా రాయలేదు. ఫైలు తెరిచి, లెక్క చూసి కనుక్కోవాలి."

"గట్లెట్ల? రాయాలె గదా!"

ఇద్దరం నవ్వుకున్నాం.

"నేను రాసినంక ఒకపారి చూస్తవా అక్కా?"

"సురేష్ గారు చూస్తార్లే. ఆయనకు నాకంటే బాగా తెలుసు" అన్నాను.

జూన్ 16, సోమవారం

ఎవరూ అడగలేదు. నేనే మొదలుపెట్టాను. లైబ్రరీకి వేరే కాపీ తీసుకుని అందులో పేర్లు మారుస్తున్నాను.

జూన్ 27, శుక్రవారం

ఈ మధ్య ఆఫీసుకు పోవాలంటే ఉత్సాహంగా ఉంటోంది. జర్మనీ పని మధ్యాహ్నానికి ముగించేసి పేర్ల దగ్గర కూర్చుంటున్నాను. ఎన్ని చిక్కులో. ఒక ఫైల్లో రోగి బరువు కిలోల్లో, పక్క ఫైల్లో గ్రాముల్లో, పేరు మాత్రం రెండు చోట్లా వెయిట్. కాలానికి ఐదు రకాల పేర్లు. ఒక పెద్దమనిషి ఎవరో అన్నీ పెద్దక్షరాల్లో రాశాడు, ఇంకొకరు ప్రతి పేరు చివరా ఒక తోక తగిలించారు. ఒక్కొక్క పేరూ సరిచేస్తుంటే, బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు చేతులు వాటంతటవే పోతున్నాయి.

ఈ రోజు కావాలనే ఒక తప్పు రాసి చూశాను. రేట్ ఉండాల్సిన చోట పదో వంతుల లెక్క పెట్టాను. కంపైలర్ ఆగింది. ఇది వేరు, అది వేరు అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి అంది. ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను. పక్క సీటు నుంచి స్వప్న తొంగి చూసి, "ఏమైందక్కా, జీతం పెరిగిందా?" అంది.

సురేష్‌ని పిలిచి చూపించాను. వంగి చూశాడు. అతని కళ్ళలో కూడా ఒక మెరుపు కనిపించింది, నిజం. అతనూ ఒకప్పుడు మంచి ప్రోగ్రామరే.

"బావుందండి. చాలా బావుంది. కొత్త మోడల్ రిలీజ్ అయిపోనివ్వండి, అప్పుడు చూద్దాం."

చూద్దాం అన్నాడు. అంటే వద్దనలేదు.

జూలై 18, శుక్రవారం

కొత్త మోడల్ రిలీజ్ అయింది. కేకు కోశారు. స్వప్న చేత కోయించారు, మొదటి రిలీజ్ కదా. కేకు ముక్కొకటి టిష్యూలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది, వాళ్ళ నాన్నకి.

వచ్చే వారం సురేష్‌ని అడుగుతాను.

జూలై 30, బుధవారం

సురేష్ సెలవులో ఉన్నాడు.

ఆగస్టు 6, బుధవారం

అడిగాను. దసరా కానివ్వండి అన్నాడు. దసరా ఎంతో దూరం లేదు.

ఆగస్టు 19, మంగళవారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

పొద్దున పదకొండింటికి పంపుల టీము అందరినీ లోపలి గదిలోకి పిలిచారు. నన్ను కూడా. ఏదో జిల్లా ఊళ్ళో ప్రైవేటు ఆసుపత్రి. ఊరి పేరు చెప్పలేదు. ఐసీయూలో అరవై రెండేళ్ళ ఆడమనిషికి బీపీ పడిపోకుండా మందు ఎక్కుతోంది. కొత్త మోడల్ పంపు. కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, పంపు బ్యాటరీ అప్పటికే అయిపోయి ఉంది. కరెంటు వచ్చింది. పంపు తనంతట తనే మొదలై, పాత వేగాన్ని గుర్తుచేసుకుంది.

గంటకు ఐదు ఎక్కాల్సింది యాభై ఎక్కింది.

నర్సు చూసి ట్యూబు మూసేసింది. చూసేలోపే బీపీ విపరీతంగా పెరిగిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందట.

అంకె వినగానే నాకు తెలిసిపోయింది. ఐదు, యాభై. నేను స్వప్న వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. తనకి ఇంకా అర్థం కాలేదు. నోట్స్ రాసుకుంటోంది.

ఆగస్టు 20, బుధవారం

స్వప్న రాసిన ఫైలుని నా కాపీలో పెట్టి చూశాను. పెట్టకుండా ఉండాల్సింది.

కంపైలర్ ఆగింది. సరిగ్గా ఆ లైను దగ్గరే. ఆగేముందు దాచుకున్న వేగం ఫ్లోరేట్, తిరిగి తీసుకునేటప్పుడు రేట్. ఇది వేరు, అది వేరు అంది. తెర మీద ఆ మాటని ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో.

స్వప్న వెనక నుంచుని ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"గిది నేను రాసిందే గదక్కా."

"ఎవరు రాసినా ఇలాగే రాసేవాళ్ళు. పేర్లు అలా ఉన్నాయి."

"టెస్టులన్నీ పాసైనయ్. సురేష్ సార్ చూసిండు, మంచిగుంది అన్నడు."

"అవును."

"మరి ఆమెకెట్లున్నదంట?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆగస్టు 22, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. మూలకారణం, డెవలపర్ పొరపాటు. సవరణ, ఒక లైను. పదితో భాగించారు. అంతే. అన్ని ఆసుపత్రులకూ కొత్త వెర్షన్ పోయింది.

టైపు పేర్ల గురించి ఒక్క మాట లేదు. నేను జూన్‌లో చెప్పిన సంగతి లేదు. ఆ ఫైలుని ఎవరు చూసి సరే అన్నారో అదీ లేదు.

సురేష్ గదికి పోయి తలుపు వేశాను. గొంతు పెంచాను కూడా. అతను వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు.

"నేను కూడా చూశానండి ఆ లైను" అన్నాడు. "నాకు కనపడలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు నాది. నాకే కనపడలేదు."

"అదే రాయండి రిపోర్టులో."

"రాశానండి. మొదటి కాపీలో రాశాను. పైవాళ్ళు తీసేశారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పేర్లలోనే లోపముందని రాస్తే ఆ లైబ్రరీ వాడే ప్రతి పంపునీ వెనక్కి పిలవాలంట. ఒకమ్మాయి పొరపాటంటే ఒక్క మోడల్‌తో పోతుంది. నన్నేం చెయ్యమంటారు?"

ఇంకా గట్టిగా అరిచి ఉంటే బాగుండేదేమో. తలుపు తీసుకుని వచ్చేశాను.

ఆగస్టు 25, సోమవారం

పైవాళ్ళకి మెయిల్ రాశాను. మర్యాదగా, వివరంగా రాశాను. జూన్‌లో నేను చూపించింది, నా కాపీలో ఆ తప్పు దొరకడం, ఈ రకంగా రెండు పేర్లు కలిసిపోయే చోట్లు లైబ్రరీలో ఇంకా ఉండటం, అన్నీ. స్వప్నని పంపేస్తారని వింటున్నాను, పంపేసినా ఆ చోట్లు పోవు అని కూడా రాశాను.

పంపిన గంటకు కంపెనీ లీగల్ విభాగం నుంచి ఫోన్. ఆడగొంతు, చాలా మెత్తగా.

"మీ ఆందోళన మాకు అర్థమైంది మేడమ్. ఇకమీదట ఈ విషయం మీద ఏదీ రాతలో పెట్టొద్దు. ఏదైనా ఉంటే ఫోన్ చేయండి."

"ఎవరికి చేయాలి?"

"మేమే చేస్తాం మేడమ్."

అంటే పట్టించుకుంటున్నారనే కదా. ఫోన్ చేస్తామన్నారు.

ఆగస్టు 26, మంగళవారం

ఫోన్ రాలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

స్వప్నని పంపేశారు. తీసేసినట్టు కాదు, తనే మానేసినట్టు రాయించుకున్నారు. అలా అయితే ఇంకో చోట ఉద్యోగం దొరుకుతుందని చెప్పారట. వాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు. అదే దయ అనుకోవాలేమో.

సీటు ఖాళీ చేస్తుంటే పక్కన నుంచున్నాను. వస్తువులేమీ లేవు. నీళ్ళ సీసా, స్వెటరు, ఒక దువ్వెన. సెక్యూరిటీ అతను దూరంగా నుంచుని నేల వైపు చూస్తున్నాడు.

"నేను మెయిల్ రాశాను స్వప్నా. జవాబు వస్తుంది. నీ పేరు..."

"ఎందుకక్కా రాసినవ్? నీకు గుడ ఇబ్బంది."

"నీ తప్పు కాదు ఇది."

"అందరు గట్లనే అంటున్నరక్కా. హెచ్చార్ మేడమ్ గుడ గదే అన్నది. నీ తప్పు కాదమ్మా, ఈడ సంతకం పెట్టు అన్నది."

లిఫ్టు దాకా పోయాను. లిఫ్టులో జనం ఉన్నారు. తలుపులు మూసుకున్నాయి.

ఇంటికొచ్చాక వినయ్‌తో నేనూ మానేస్తానన్నాను. "మానేస్తే ఆ పాపకి ఉద్యోగం వస్తాదా?" అన్నాడు. రాదు. "కడుపులో ఏదన్నా పడిందా లేదా నీకు? పొద్దున గూడ తినకుండానే పోతివి." పెరుగన్నం కలిపి పెట్టాడు. తిన్నాను. ఇలాంటి రోజు ఆకలి వేయడం నాకే సిగ్గనిపించింది.

సెప్టెంబరు 2, మంగళవారం

ఆఫీసు, ఇల్లు. రాయడానికేమీ లేదు.

సెప్టెంబరు 8, సోమవారం

నా పని ఒప్పుకున్నారు!

సురేష్ పొద్దున్నే పిలిచి చెప్పాడు. ఆడిట్‌కి వచ్చేవాళ్ళకు చూపించడానికి 'నివారణ చర్య' ఏదో ఒకటి కావాలట. టైపు పేర్లను ఒకే పద్ధతిలోకి తేవడం, బాధ్యురాలు భ్రమరాంబ. జర్మనీ పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఇద్దరు మనుషుల్ని కూడా ఇస్తారట.

మధ్యాహ్నం మీటింగులో అసలు సంగతి తెలిసింది. కొత్త పేర్లు పెట్టొచ్చు. పాత పేర్లు తీయకూడదు. పాతవాటితో రాసిన ప్రోగ్రాములు యథాతథంగా నడవాలి. తీస్తే క్లయింట్లు ఒప్పుకోరు. తప్పుగా కలిపినా కంపైలర్ ఆపకూడదు. ఆపితే వాళ్ళ ప్రోగ్రాములు ఆగిపోతాయి కదా.

"అంటే ఇప్పుడు రేట్ ఉంటుంది, ఫ్లోరేట్ ఉంటుంది, వాటి పక్కన నా కొత్త పేరు కూడా ఉంటుంది" అన్నాను.

"ప్రస్తుతానికి అంతేనండి."

"మూడవుతాయి సురేష్ గారూ."

అతను తల దించుకున్నాడు. మీటింగులో మిగతావాళ్ళు నన్ను అభినందించారు.

అయినా సరే, మొదలంటూ పెడితే తర్వాత పాతవి మెల్లగా తీసేయొచ్చు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. ఒప్పుకున్నాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఆ ఆసుపత్రి నంబరు దొరికింది. ఎలా అన్నది రాయను. అక్కడ మిషన్లు చూసుకునే కుమార్ అనే అతను ఫోనెత్తాడు. ఏ కంపెనీనో చెప్పగానే గొంతు మారిపోయింది.

"మీరు గిట్ల ఫోన్ చేయొద్దు మేడమ్. మీ వకీలు, మా వకీలు మాట్లాడుకుంటున్నరు."

"ఒక్క మాట బాబూ. ఆవిడ ఎలా ఉంది? అదొక్కటి చెప్పు, పెట్టేస్తాను."

ఫోన్లో వెనక ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"ఇంటికి తీస్కపోయిన్రు మేడమ్. కొడుకులొచ్చి తీస్కపోయిన్రు" అన్నాడు. పెట్టేశాడు.

ఇంటికి తీసుకుపోయారట. ఇన్ని రోజుల తర్వాత ఊపిరాడినట్టుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయిందంటే నయమైనట్టే కదా. కొడుకులున్నారు, చూసుకుంటారు. నడవడం కష్టమవుతుందేమో, మాట కొంచెం తేడా వస్తుందేమో, అయినా ఇంట్లో ఉంది.

వినయ్‌కి చెప్పాను. టీవీ శబ్దం తగ్గించి నా వైపు చూశాడు. "పడుకోపో" అన్నాడు.

ఆదివారం పోయి స్వప్నకు చెప్పాలి. ముందు తనకే చెప్పాలి.

సెప్టెంబరు 14, ఆదివారం

నార్సింగి పోయాను. అపార్ట్‌మెంటు గేటు దగ్గర కొమురయ్య యూనిఫారంలో ఉన్నాడు. నన్నెప్పుడూ చూడకపోయినా గుర్తుపట్టాడు. "ఆఫీసు అక్క మీరేనా? మా పిల్ల రోజు మీ ముచ్చటే చెప్తది" అన్నాడు. కార్లు ఆపే చోటు చివర ఒక గది. లోపలికి పంపబోతూ ఆగాడు.

"మేడమ్, ఒక్కటడుగుత. మా పిల్ల ఏమన్న తప్పు జేసిందా?"

"లేదు."

"మరి ఎందుకు తీసేసిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి స్వప్న కేక వేసింది. "నాయినా, నువ్వు చాయ్ తే పో."

స్వప్న చిక్కిపోయింది. ఇంటర్వ్యూలకు పోతున్నావా అంటే, లేదంది. కంప్యూటరు ముందర కూర్చుంటే ప్రతి లైను పది సార్లు చూడాలనిపిస్తోందట, చూసినా నమ్మకం కుదరడం లేదట. పై ఫ్లాటులో ఒక పాపకు లెక్కలు చెప్తోందట.

"నేను నీకు ఒక మంచి మాట చెప్దామని వచ్చాను" అన్నాను. "ఆవిడ గురించి తెలిసింది. ఆసుపత్రికి ఫోన్ చేశాను."

తను లేచి నుంచుంది.

"ఇంటికి తీసుకుపోయారట. కొడుకులు వచ్చి తీసుకుపోయారట. అక్కడి అతనే చెప్పాడు."

స్వప్న నా మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. సంతోషిస్తుందని ఎదురుచూస్తున్నాను. నా మొహం మీద అప్పటికే నవ్వు కూడా ఉంది.

"ఏ మాట అన్నడక్కా? గిదే మాటనా?"

"ఇదే మాట."

మెల్లగా మళ్ళీ కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పెద్ద దవాఖానల నుంచి ఇంటికి తీస్కపోయిన్రు అంటే ఏందో నీకు తెల్వదా? మీ దిక్కు అనరా గట్ల?"

అంటారు. మా ప్రొద్దుటూరులో కూడా అంటారు. ఇంక లాభం లేదని డాక్టర్లు చెప్పాక, ప్రాణం ఇంటి దగ్గర పోవాలని తీసుకుపోతే అంటారు. మా నాన్నప్పుడు నేనే అందరికీ ఫోన్లు చేసి ఆ మాట చెప్పాను.

"ఎప్పుడంట?" అంది స్వప్న.

"అడగలేదు."

"పేరు?"

"అడగలేదు."

తను ఏడవలేదు. నేనే ఏడ్చాను. చెప్పడానికి పోయినదాన్ని నేను, ఆ పిల్ల నా వీపు నిమురుతూ కూర్చుంది. కొమురయ్య రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి గడప దగ్గర ఆగిపోయాడు. ఎవరికి ఏమైందో, ఎవర్ని ఏమడగాలో ఆయనకు తెలియలేదు. కాసేపటికి గ్లాసులు కింద పెట్టి, "తాగున్రి, సల్లగైతది" అన్నాడు.

తాగాను.

వచ్చేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చి ఆటో పిలిచాడు. మళ్ళీ ఏమీ అడగలేదు.

రేపు సోమవారం. కొత్త పేర్ల పనికి ఇచ్చిన ఇద్దరు మనుషులూ వస్తారు. పొద్దున పదింటికి వాళ్ళకు మొదటి నుంచీ అంతా వివరించాలి.